నబ్జ్ చూడకుండానే దవానా?



హకీమ్ సాబ్ దగ్గరికి పోతే ముందు చెయ్యి పట్టుకుంటాడు. నబ్జ్ చూస్తాడు. నాలుక చాపమంటాడు. నొప్పి తిన్నాక వస్తోందా, తినకముందా? రాత్రి నిద్ర పడుతోందా? ఇన్ని అడిగి, విని, కాసేపు ఆలోచించి, అప్పుడు గానీ పుడియా కట్టడు. కారు విషయానికి వచ్చేసరికి మనం ఈ తరీఖాను తిరగేశాం. బండి వణుకుతోందనగానే పుడియాలు మొదలు. ప్లగ్గులు మార్చేయ్. తగ్గలేదా, కాయిల్ మార్చేయ్. ఇంకా తగ్గలేదా, ఇంజన్ దించేయ్. నబ్జ్ మాత్రం ఎవరూ చూడరు.

ఉర్దూ నుంచి తెలుగులోకి వచ్చి తెలుగే అయిపోయిన మాటల్లో తనిఖీ, మరమ్మతు అనే రెండున్నాయి. ముందు తనిఖీ, తర్వాత మరమ్మతు. మనం మొదటిదాన్ని వదిలేసి రెండోదానికే డబ్బు కడుతున్నాం. నా రాయ్ సూటిగా చెప్తాను: పాత కారు వణికినప్పుడు మనకయ్యే ఖర్చులో చాలా భాగం రోగానిది కాదు, తష్ఖీస్ లేకుండా ఇచ్చిన ఇలాజ్‌ది. దీనికి మెకానిక్ ఒక్కడే జిమ్మేదార్ కాదు. బండి యజమానులం మనమూ జిమ్మేదార్లమే.

మా దుల్హాభాయి కారు సంగతే తీసుకోండి. 2009 వ్యాగన్ఆర్, నాలుగు సిలిండర్ల పెట్రోల్ బండి. పదిహేనేళ్ళు నిండితే మళ్ళీ ఐదేళ్ళకు రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నాడు. పిల్లల బడి, అమ్మీ ఆస్పత్రి, చుట్టాల నికాహ్‌లు, అన్నీ దాని మీదే. నిరుడు ఎండాకాలంలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా వణకడం మొదలుపెట్టింది. ఏసీ వేస్తే అద్దాలు గలగలలాడేవి, సీటు కూడా అదిరేది. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే వణుకు మాయం. ఒక చోట ప్లగ్గులు మార్చారు. రెండు రోజులు బాగున్నట్టు అనిపించి మళ్ళీ మొదటికొచ్చింది. ఇంకో చోట ఇంజెక్టర్లు కడిగారు. మూడోచోట పెట్రోల్ పంపు మార్చారు. నాలుగోచోట ఇంజన్ పని పడిందని చెప్పి ముప్పై ఐదు వేలు అడిగారు. ఆ మాట విన్నాక మా ఆపా బండి అమ్మేద్దామని కూర్చుంది.

చివరికి మా వీధి చివర షెడ్డులో ఉన్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాం. ఆయన పానా ముట్టలేదు. ముందు పది నిమిషాలు అడిగాడు. ఆగినప్పుడా, పోతున్నప్పుడా? ఏసీ లేకుండా ఎంత, వేస్తే ఎంత? చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? తర్వాత బానెట్ లేపి, ఏసీ వేయించి, ఇంజన్ ఎటు ఊగుతోందో చూశాడు. టార్చి వేసి ఒక మౌంటింగ్ చూపించాడు. రబ్బరు చీలిపోయి ఇనుము మీద ఇనుము కూర్చుంది. అది ఎందుకు చీలిందో కూడా చూపించాడు. పైన ట్యాపెట్ కవర్ గాస్కెట్ లీకై, నూనె బొట్టు బొట్టుగా ఆ రబ్బరు మీదే పడుతోంది. నూనె తాగిన రబ్బరు మెత్తబడి చీలుతుంది. గాస్కెట్ మార్చకుండా మౌంటింగ్ ఒక్కటే మారిస్తే కొన్నాళ్ళకు అదీ పాడయ్యేది. మౌంటింగ్, గాస్కెట్ రెండూ మార్చి, థ్రాటిల్ బాడీలో పేరుకున్న కార్బన్ తుడిచాడు. వణుకు పోయింది.

అసలు సంగతి ఇక్కడుంది. సామాను డబ్బు, లేబరు కాక, తనిఖీకి మూడు వందలు అడిగాడాయన. సామాను బిల్లు చూసి నోరెత్తని మా దుల్హాభాయి ఆ మూడు వందల దగ్గర ఆగిపోయాడు. "ఇదేంటి ఉస్తాద్, చూశారంతే కదా!" అన్నాడు.

చూశారంతే కదా! ఈ ఒక్క మాటలో మన జబ్బంతా ఉంది. ముగ్గురు చూడకుండా మార్చారు, వాళ్ళకు వేలు ఇచ్చాం. ఒకాయన చూసి తేల్చాడు, ఆయన దగ్గర మూడు వందలకు బేరం. అలాంటప్పుడు షెడ్డులో ఉన్న మనిషి ఏం నేర్చుకుంటాడు? చూసే పనికి రోజీ లేదు, మార్చే పనికే రోజీ ఉందని నేర్చుకుంటాడు. సామాను మీద మిగిలే పదీ పరకతో ఇల్లు గడుపుకునేవాడు సామాను మార్చకుండా ఎలా ఉంటాడు? అందాజా మీద సామాను మార్చే అలవాటు ఆ షెడ్డుకు మన బేరాలే నేర్పాయి. పెద్ద సర్వీస్ సెంటర్ అద్దాల గదిలో ఏసీ కింద కూర్చుని, అచ్చు వేసిన బిల్లులో చెకప్ చార్జి అని ఉంటే నోరెత్తకుండా కార్డు గీకుతాం. షెడ్డు ముందు, నూనె చేతుల మనిషి అడిగితే మాత్రం బేరం. కూలివాడి చెమట ఆరకముందే మజూరీ ఇవ్వాలన్న రసూల్ (స) మాట జుమ్మా ఖుత్బాలో ఎన్నిసార్లు వినుంటాం? ఆలోచించిన బుర్రకూ చెమట పడుతుంది. దానికీ మజూరీ ఉంది.

సరే, మెకానిక్‌కు తనిఖీ డబ్బు ఇస్తాం. మరి మన వంతు? హకీమ్ ముందు కూర్చుని "ఒంట్లో బాగోలేదు" అని ఊరుకుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడు? కారు వణుకుతోందంటే అంతే. ఎప్పుడు వణుకుతోందో చెప్పగలగాలి. దీనికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు చాలు. ఇంట్లో బండి నడిపే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా ఆడవాళ్ళకు, ఇవి నోటికి రావాలి. ఏ షెడ్డుకైనా ఒక బహెన్ ఒంటరిగా బండి తీసుకుపోతే "మేడమ్, ఇంజన్ పోయింది" అనే మాట కాస్త తొందరగానే వస్తుంది. వివరం చెప్పగలిగిన మనిషి ముందు ఆ మాట అంత తేలిగ్గా రాదు.

మొదటి ప్రశ్న: నిలబడినప్పుడా, నడుస్తున్నప్పుడా? బండి కదలకుండా, న్యూట్రల్‌లో, ఇంజన్ మాత్రం తిరుగుతున్నప్పుడు వణికితే చక్రాలకూ టైర్లకూ సంబంధం లేదు. ఇంజన్, దాని మౌంటింగులు, సైలెన్సర్, ఫ్యాన్, ఏసీ కంప్రెసర్, వీటిలోనే వెతకాలి. నిలబడ్డప్పుడు నిమ్మళంగా ఉండి, 80, 90 వేగం దగ్గర వణికితే ముందు చక్రాలు చూడాలి. 90 కిలోమీటర్ల వేగంలో ఆల్టో లాంటి చిన్న కారు చక్రం సెకనుకు దాదాపు 15 సార్లు తిరుగుతుంది. ఒక పక్క కొన్ని గ్రాముల బరువు ఎక్కువున్నా సెకనుకు 15 గుద్దులు. స్టీరింగ్ వణికితే ఎక్కువగా ముందు చక్రాలు, సీటు వణికితే వెనక చక్రాలు. దీనికి ఇలాజ్ వీల్ బ్యాలెన్సింగ్. చాలామంది దీన్ని అలైన్‌మెంట్‌తో కలిపేస్తారు. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. వణుకు వేరు, లాగుడు వేరు.

రెండో ప్రశ్న: వేగంతో మారుతోందా, ఇంజన్ తిరుగుడుతో మారుతోందా? ఖాళీ రోడ్డు మీద 50 వేగంలో నాలుగో గేరులో పోండి, మళ్ళీ అదే 50లో మూడో గేరులో పోండి. చక్రాలు తిరిగేది అంతే, ఇంజన్ మాత్రం ఎక్కువ తిరుగుతుంది. గేరు మార్చగానే వణుకు మారితే దోషం ఇంజన్ వైపు. మారకపోతే చక్రాల వైపు. పైసా ఖర్చు లేని ఈ ఇమ్తిహాన్‌తో సగం షెడ్డు సామాను పక్కకు పోతుంది.

మూడో ప్రశ్న: ఏం చేసినప్పుడు? బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే స్టీరింగ్, పెడల్ వణికితే బ్రేకు డిస్కులు ఎగుడుదిగుడుగా అరిగాయేమో చూడాలి. మొదటి గేరులో క్లచ్ వదిలేటప్పుడు మాత్రమే కుదిపితే క్లచ్ ప్లేటు, మౌంటింగులు. యాక్సిలరేటర్ తొక్కి లాగించేటప్పుడు మాత్రమే అయితే చక్రానికి శక్తినిచ్చే యాక్సిల్ జాయింట్లు. రేడియేటర్ ఫ్యాన్ తిరిగినప్పుడు మొదలై ఆగినప్పుడు పోతే ఆ ఫ్యాన్ రెక్కల్లో ఏదో విరిగి ఉండొచ్చు. ఏసీ వేయగానే వస్తే, మా దుల్హాభాయి బండిలాగా, చీలిన మౌంటింగ్ కావచ్చు, బరువు పడ్డప్పుడు ఐడ్లింగ్ నిలబడక కావచ్చు.

నాలుగో ప్రశ్న: వణుకుకు ఒక తాళం ఉందా? ఇది చెవితో తేలేది. ఐడ్లింగ్‌లో సైలెన్సర్ వెనక కాస్త పక్కకు నిలబడి వినండి. సమంగా పుట్ పుట్ అంటుంటే సరే. మధ్యలో క్రమంగా ఒక దెబ్బ తప్పుతుంటే, అదే మెకానిక్‌లు అనే "మిస్సింగ్", ఒక సిలిండర్ పని చేయడం లేదు. తప్పడం లేదుగానీ బండంతా అదురుతోందంటే ఇంజన్ బాగానే ఉంది, దాన్ని మోసే రబ్బర్లే పాడయ్యాయేమో చూడాలి. మిస్సింగ్ ఉన్న బండికి మౌంటింగులు మార్చినా, మౌంటింగ్ పోయిన బండికి ప్లగ్గులు మార్చినా డబ్బు దండగే.

ఇక్కడ ఒక హెచ్చరిక. ప్రతి వణుకూ రోగం కాదు. మన ఇళ్ళల్లో ఎక్కువగా తిరిగిన చిన్న కార్లు మూడు సిలిండర్లవి. 1983లో వచ్చి 2014లో తయారీ ఆగిన మారుతి 800 ఇంజన్ 796 సీసీ, మూడు సిలిండర్లు. ఆల్టో 800దీ అదే లెక్క. 2010లో వచ్చిన కొత్త వ్యాగన్ఆర్‌లో కూడా 998 సీసీ మూడు సిలిండర్ల ఇంజనే. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో క్రాంక్ 180 డిగ్రీలు తిరిగేసరికి ఒక దెబ్బ పడుతుంది. మూడు సిలిండర్లలో 240 డిగ్రీలకు ఒకటి. 800 ఆర్‌పీఎం ఐడ్లింగ్‌లో నాలుగు సిలిండర్ల బండికి సెకనుకు 26కు పైగా దెబ్బలు పడితే, మూడు సిలిండర్ల బండికి 20. దెబ్బకూ దెబ్బకూ ఎడం ఎక్కువ, పైగా ముందూ వెనకా ఊగే గుణం ఉంటుంది. అది దాని ఫిత్రత్. పాత వ్యాగన్ఆర్ నుంచి కొత్తదానికి మారినవాళ్ళు మొదటి వారం కంగారు పడేది ఇందుకే. నిన్నటికీ ఇవాళ్టికీ మారిందా అన్నదే చూడాలి, పక్కింటి బండితో పోల్చకూడదు. అయితే మూడు సిలిండర్లలో ఒకటి ఆగిందంటే బండి బలంలో మూడో వంతు పోయినట్టే. అప్పుడు ఎవరికైనా తెలిసిపోతుంది.

ఏ సిలిండర్ ఆగిందో కనిపెట్టడానికి ఒక పాత పద్ధతి ఉంది. ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగా మెకానిక్ ఒక్కో సిలిండర్‌ను వరసగా ఆపి చూస్తాడు. పని చేస్తున్న సిలిండర్‌ను ఆపితే ఇంజన్ ఇంకా కుంటుతుంది. దేన్ని ఆపినా తేడా రాలేదో, అదే రోగి. తర్వాత ఆ సిలిండర్ కాయిల్ తీసి పక్కదానికి వేసి, పక్కదాని కాయిల్ దీనికి వేస్తాడు. మిస్సింగ్ కాయిల్ వెంట పోతే కాయిల్ దోషం. పోకపోతే ప్లగ్గును అలాగే మార్చి చూస్తాడు. అప్పుడూ పోకపోతే ఇంజెక్టర్, గాలి లీకు, చివరికి కంప్రెషన్. సామాను ఒక్కటి కూడా కొనకుండా, ఉన్నవాటినే అటూ ఇటూ మార్చి నిజం రాబట్టడం! ఇదీ హునర్ అంటే. ఈ పని మీరు ఇంట్లో చేయొద్దు. ప్లగ్ వైరు పీకితే గట్టి షాక్ కొడుతుంది, కాయిల్ కూడా పాడవుతుంది. కానీ మెకానిక్ చేశాడా లేదా అని అడగొచ్చు. "ఏ సిలిండర్ ఉస్తాద్? ఎలా తెలిసింది?" అని అదబ్‌తో అడిగితే నిజమైన ఉస్తాద్ ఖుషీ అవుతాడు. అందాజా మనిషి చిరాకు పడతాడు. మీకు కావలసిన జవాబు అక్కడే దొరుకుతుంది.

ఇంజన్ విప్పాలన్నవాణ్ణి ముందు కంప్రెషన్ గేజి పెట్టి చూపించమనండి. సిలిండర్లన్నిటి అంకెలూ తగినంత ఉండి, దగ్గర దగ్గరగా కూడా ఉంటే ఇంజన్ విప్పాల్సిన రోగం అక్కడ లేదు. ఒకదానిలో బాగా తక్కువుంటే ఆ సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూస్తారు. అంకె పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వులో, హెడ్ గాస్కెట్టో. రింగులకు బోర్ పని, వాల్వులకు హెడ్ పని. రెండిటి ఖర్చులో చాలా తేడా ఉంది. ఇంత చిన్న పరీక్ష లేకుండా ముప్పై ఐదు వేల మాట నోటివెంట రాకూడదు.

ఈమధ్య మన కుర్రాళ్ళ చేతుల్లోకి స్కానర్లు వచ్చాయి. మంచిదే. కానీ స్కానర్ కూడా హకీమ్ కాదు, థర్మామీటర్. పీ0302 అని వచ్చిందంటే రెండో సిలిండర్ మిస్ అవుతోందని మాత్రమే అర్థం. ప్లగ్గా, కాయిలా, ఇంజెక్టరా, వాల్వా, అది చెప్పదు. జ్వరం 102 ఉందని థర్మామీటర్ చెప్తుంది, టైఫాయిడో మలేరియానో చెప్పదు. కోడ్ చూసి నేరుగా సామాను దుకాణానికి పరిగెత్తేవాడి చేతిలో పది వేల స్కానర్ ఉన్నా అందాజా అందాజానే.

ఇంకొక కొత్త అలవాటు, ప్రతి వణుకునూ ఈ20 పెట్రోల్ ఖాతాలో రాయడం. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలవడం నిజం. పాత కార్లు దానికోసం తయారైనవి కావన్నదీ నిజం. పాత రబ్బరు పైపులు, సీళ్ళు ఒకసారి చూపించుకోవడం మంచిది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది కాబట్టి బండిని నెలల తరబడి కదలకుండా ఉంచడమూ మంచిది కాదు. కానీ ఒక్క క్షణం ఆలోచించండి. అన్ని సిలిండర్లకూ పోయేది ఒకే ట్యాంకులోని పెట్రోల్. రెండో సిలిండర్ ఒక్కటే మిస్ అవుతుంటే ఆ తప్పు పెట్రోల్ మీదికి నెట్టడం కుదరదు. ఏసీ వేసినప్పుడు మాత్రమే అదురుతుంటే అంతకన్నా కుదరదు. మరి కొందరైతే నజర్ తగిలిందంటారు. అద్దం మీద ఆయతుల్ కుర్సీ, ముందు నల్ల దారం, లోపల ఐదేళ్ళుగా ఎవరూ విప్పి చూడని ప్లగ్గులు! దువా మన ఫర్జ్‌ను మాఫీ చేయదు.

మరి ఇంట్లో మనం చేసుకోగలిగినవి ఏమిటి? చాలానే ఉన్నాయి, అన్నీ చవకైనవే. టైర్లలో గాలి సరిగా ఉందో లేదో, టైరు పక్కన ఉబ్బు వచ్చిందేమో చూడటం. ఎయిర్ ఫిల్టర్ తీసి దుమ్ము చూడటం. ఇంజన్ పూర్తిగా చల్లారాక టార్చి వేసి మౌంటింగ్ రబ్బర్లలో చీలికలు, వాటి మీద నూనె మరకలు ఉన్నాయేమో చూడటం. సన్న రబ్బరు పైపులు పగిలాయేమో, ఊడాయేమో చూడటం. ఇంజన్‌లోకి దొంగదారిన గాలి పోతే ఐడ్లింగ్ కుదురుగా నిలవదు. సైలెన్సర్‌ను వేలాడదీసే రబ్బర్లు తెగాయేమో వంగి చూడటం. అందులో ఒకటి తెగి పైపు బాడీకి తగిలితే బండంతా డప్పులా మోగుతుంది. ఆ రబ్బరు ఖరీదు ఎంతని! ప్లగ్గు విప్పడం వస్తే దాని రంగు చూడండి. లేత గోధుమ, బూడిద రంగుల్లో ఉంటే ఆరోగ్యం. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ పోతోంది. నూనె తడి ఉంటే లోపల నూనె లీకు. తెల్లగా కాలినట్టుంటే వేడి ఎక్కువ. తిరిగి బిగించేటప్పుడు ముందు చేతివేళ్ళతో తిప్పి, మర సరిగా పట్టిందని తెలిశాకే పానా పెట్టాలి. అల్యూమినియం హెడ్‌లో మర చెడితే చిన్న పని పెద్ద ఖర్చవుతుంది.

చేయకూడనివి కూడా చెప్పాలి. జాకీ ఒక్కటే పెట్టి బండి కిందికి దూరొద్దు. తిరుగుతున్న బెల్టు దగ్గర చున్నీ, కుర్తా చేతులు వేలాడకూడదు. రేడియేటర్ ఫ్యాన్ తనంతట తాను తిరగగలదు, వేళ్ళు పెట్టొద్దు. మౌంటింగ్ పరీక్ష కోసం గేరు వేసి క్లచ్ వదులుతుంటే బండి ముందూ వెనకా ఎవరూ నిలబడొద్దు, పిల్లలైతే అసలే వద్దు. ఇంజన్ లైటు మినుకు మినుకుమంటూ బండి కుంటుతుంటే లాగించుకుంటూ పోవద్దు. కాలని పెట్రోల్ సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. ప్లగ్గు ఖర్చుతో పోయేది వేలల్లోకి పోతుంది. ఎర్రటి ఆయిల్ లైటు వెలిగినా, వేడి ముల్లు పైకి పోయినా, లోపల ఇనుము కొట్టుకుంటున్న చప్పుడు వచ్చినా బండి పక్కకు ఆపండి. వలీమాకు ఆలస్యమైనా ఫర్వాలేదు.

కొందరు నన్ను అడుగుతారు: "తనిఖీకి డబ్బు ఇచ్చాక కూడా అందాజాగానే మారిస్తే?" న్యాయమైన ప్రశ్నే. అందుకే తనిఖీ డబ్బుతో పాటు రెండు హక్కులు అడగండి. ఒకటి, ఏ పరీక్షతో తేలిందో చెప్పాలి. రెండు, తీసేసిన పాత సామాను మన చేతికివ్వాలి. అప్పుడు అది దానం కాదు, ముఆమలా. డబ్బు ఇచ్చినవాడికి అడిగే హక్కు, తీసుకున్నవాడికి చెప్పే జిమ్మేదారీ. మరి రోజు గడవడమే కష్టమైన ఇంటివాళ్ళు? వాళ్ళకే ఇది అన్నిటికన్నా అవసరం. మూడు వందలు మిగుల్చుకుని పెట్రోల్ పంపు కొనే స్థోమత వాళ్ళకు అసలే లేదు.

ఇంకొక మాట, కాస్త చేదుగా ఉంటుంది. ఏ ఊరి షెడ్లకు పోయినా, విజయవాడ ఆటోనగర్ దగ్గర్నుంచి మండల కేంద్రంలో వేపచెట్టు కింది దుకాణం దాకా, మన పిల్లలు కనిపిస్తారు. పదేళ్ళ వయసులో పానాలు అందించే షాగిర్ద్‌గా చేరి ఇవాళ ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పే ఉస్తాద్‌లు మన బిరాదరీలో ఎంతోమంది. కానీ అమ్మాయికి రిష్తా చూసేటప్పుడు "మెకానికా?" అని మూతి విరుస్తాం. అదే తనిఖీ పని తెల్ల కోటు వేసుకుని చేస్తే డాక్టర్ సాబ్, నీలం చొక్కా వేసుకుని చేస్తే మిస్త్రీ. ఈ చూపే మారాలి. పిల్లలు బడి వయసులో బడిలోనే ఉండాలి, షెడ్డులో కాదు. పది పూర్తి చేసి, ఐటీఐలో మోటార్ మెకానిక్ రెండేళ్ళ కోర్సు చదివి, అప్పుడు ఉస్తాద్ దగ్గర చేరాలి. పెద్దాయన చెవిలో ఉన్న ఇల్మ్, కుర్రాడి చేతిలో ఉన్న స్కానర్ కలిస్తే ఆ షెడ్డుకు ఎదురుండదు. కలవాలంటే ఆ చెవికి మనం ధర కట్టాలి.

ఆఖరుగా అమ్మేవాళ్ళకు. వణుకు తగ్గక విసిగి బండి అమ్మేస్తుంటారు కొందరు. అమ్మడం తప్పు కాదు. కానీ అమ్మే ముందు చిక్కటి ఆయిల్ పోయించి చప్పుడు అణచడం, ఇంజన్ లైటు రాకుండా వైరు తీయించడం, ఐడ్లింగ్ పెంచి వణుకు కనిపించకుండా చేయడం, ఇవన్నీ బజారులో తెలివితేటలుగా చెలామణీ అవుతున్నాయి. ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టి, లోపలి తడి తగిలితే, తడిసినదాన్ని అందరికీ కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని రసూల్ (స) ఆ వ్యాపారిని నిలదీసిన రివాయత్ మనందరికీ తెలుసు. కారు ఇంజనూ అలాంటి కుప్పే. కొనేవాడు పైన పాలిష్ చూస్తాడు, లోపలి తడి మనకు తెలుసు. ఆ బండిలో రేపు ఎవరి పిల్లలో బడికి పోతారు. ఐబ్ చెప్పి ఐదు వేలు తగ్గించి అమ్మితే ఆ తగ్గిన ఐదు వేలల్లో బర్కత్ ఉంటుంది. ఐబ్ ఏదో చెప్పాలంటే ముందు మనకు తెలియాలి కదా. మళ్ళీ తనిఖీ దగ్గరికే వచ్చాం.

కాబట్టి నా అర్జీ చిన్నదే. ఈసారి మీ బండి వణికితే "ఏం మార్చాలి?" అని అడగకండి. "ఏమైందో చూడటానికి ఎంత తీసుకుంటారు ఉస్తాద్?" అని అడగండి. ఆ డబ్బు వేరుగా, ముందుగా, బేరం లేకుండా చేతిలో పెట్టండి. ఎప్పుడు వణుకుతోందో, ఏం చేసినప్పుడు వణుకుతోందో నిదానంగా చెప్పండి. తర్వాత ఆయన్ని ఆలోచించుకోనివ్వండి.